ఆలూరులో యోసేపు ప్లేటు

జూన్ వచ్చినా బడి తెరవలేదు. ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న ఆందోళనలో ఆ ఏడాది హైదరాబాదులో చదువులన్నీ ఆగిపోయాయి. మా ఆడపిల్లల బడిలో టీచర్లం మాత్రం అప్పుడప్పుడు వెళ్ళి, ఖాళీ గదుల్లో కూర్చుని, వీధిలో పోయే ఊరేగింపులను కిటికీలోంచి చూసి ఇంటికి వచ్చేవాళ్ళం.

నాది బందరు. సైన్సు టీచరు ఉద్యోగం దొరికి హైదరాబాదు వచ్చి కొన్నేళ్ళయింది. నగరం అలవాటైంది కాని నా మాట మారలేదు. ఆ రోజుల్లో మాట వినగానే మనిషిది ఏ ప్రాంతమో తేల్చేసేవారు. అందుకని కూరల బండి దగ్గర వేలితో చూపించి, తల ఊపి, డబ్బులిచ్చి వచ్చేదాన్ని. నన్నెవరూ ఏమీ అనలేదు. అంటారేమోనన్న భయమే నాకు చాలింది.

నాకున్న పిచ్చి ఒకటే, పాత గ్రామఫోను ప్లేట్లు. చిన్నప్పుడు మా ఇంట్లో నాటకాల పద్యాలు వినేవాళ్ళం. హైదరాబాదు వచ్చాక గురువారం సంతలో, సికిందరాబాదు దొరల ఇళ్ళనుంచి వచ్చిన విరిగిన కుర్చీల మధ్య, ఏ దేశానివో తెలియని ప్లేట్లు దొరకడం మొదలైంది. అమెరికా నల్లవాళ్ళ జాజ్ సంగీతం మొదట అక్కడే విన్నాను. ఆఫ్రికా డప్పులూ అక్కడే విన్నాను. అందరూ రేడియోలకు, పెద్ద ప్లేట్లకు మళ్ళిపోయారు కనుక ఈ బరువైన పాతవాటిని వేరుశనక్కాయల పొట్లం ధరకు ఇచ్చేసేవారు. పాడేవాడెవరో తెలియదు, మాట అర్థం కాదు. అయినా ఇంటికి తెచ్చి, తుడిచి, ముల్లు పెట్టి, ఏం వస్తుందో అని ఊపిరి బిగబట్టి కూర్చునే ఆ ఒక్క క్షణం కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

మా బడిలో లెక్కలు చెప్పే కరుణ ఒకరోజు నన్ను చూసి నవ్వింది. "అంత దూరం సంతకు ఎందుకు పోతవు? మా ఇంట్ల ట్రంకు నిండ ఉన్నయి. మా ఊళ్ళె మిషన్ దవాఖాన నడిపిన డాక్టరమ్మ పోయేటప్పుడు మా బాపుకు ఇచ్చి పోయింది. బాపు ఆమె దగ్గర కంపౌండరు."

"ఏం ప్లేట్లు?"

"ఏమో. ఆమె తమ్ముడు ఓడల మీద నౌకరి చేసేటోడట. ఏ రేవుకు పోతే ఆ రేవు నుంచి పంపేటోడు. వాయించే పెట్టె ఎప్పుడో పాడైంది. నీ పెట్టె పట్టుకొని రా, పోదాం."

కరుణ వాళ్ళది చేవెళ్ళ దాటాక ఆలూరు. చేతిపెట్టెలాగా మోసుకెళ్ళే నా గ్రామఫోనును దుప్పటిలో చుట్టాను. నా దగ్గరున్న ఆఫ్రికా ప్లేటు ఒకటి, ముళ్ళ డబ్బా ఒకటి సంచిలో వేసుకున్నాను.

మొయినాబాద్

బస్సు మెహిదీపట్నం దాటి, చెరువుగట్టు గాలి కొట్టే దాకా హాయిగానే వెళ్ళింది. మొయినాబాద్ దగ్గర ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, దుంగలు పెట్టి కాలేజీ కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. డ్రైవరు ఇంజన్ ఆపి, ఇది మామూలే అన్నట్టు దిగి చుట్ట ముట్టించాడు.

ఇద్దరు కుర్రాళ్ళు బస్సు ఎక్కారు. మర్యాదగానే ఉన్నారు. ఒకడు కరుణను అడిగాడు.

"యాడికి పోతున్రు అక్కా?"

"ఆలూరుకు. మా అమ్మ కాడికి."

"గా దుప్పట్ల ఏమున్నది?"

"పాటల పెట్టె."

"తెరువుండ్రి, చూస్తం."

దించి హోటలు ముందరి బల్ల మీద పెట్టాం. చాయ్ తాగుతున్నవాళ్ళంతా చుట్టూ మూగారు. కీ తిప్పి, వెంట తెచ్చిన ఒకే ప్లేటు వేశాను. ఆఫ్రికాలో ఏదో నది మీద పడవవాళ్ళు డప్పులు కొడుతూ పాడే పాట అది. 

"మన డప్పు లెక్కనే ఉన్నది గదరా," అన్నాడు ఒకడు.

"కాదు. దెబ్బ తేడా ఉన్నది. మనోళ్ళు గిట్ల ఆగరు," అన్నాడు ఇంకొకడు. వాడు తల వంచి చెవి పెట్టెకు ఆనించి విని, నావైపు తిరిగాడు. "అక్కా, ఇది ఏ దేశంది?"

నేను నోరు తెరిచాను. మాట బయటికి రాకముందే కరుణ అందుకుంది.

"ఆమెకు మాటలు రావు. మూగ."

కుర్రాడి ముఖం మారిపోయింది. "మాటలు రాకున్న పాట ఇంటదా?"

"ఇంటది. చెవులు మంచిగనే ఉన్నయి."

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. వాడు లోపలికి వెళ్ళి నాకోసం చాయ్ తెచ్చాడు. సాసర్లో పోసి, ఊది చల్లార్చి, వేడిగా ఉందని చేతులతో సైగ చేసి మరీ ఇచ్చాడు. ఆ పూట బస్సులేవీ కదలవని వాళ్ళే చెప్పి, వాళ్ళే మాకు దారి చూపించారు. పొద్దున నగరానికి బయల్దేరి వెళ్ళలేక తిరిగి చేవెళ్ళ పోతున్న వంకాయల లారీ ఒకటి ఉంది. "వీళ్ళను పైలంగ తీస్కపో అన్నా. ఒకామెకు మాటలు రావు," అని డ్రైవరు మల్లేశానికి అప్పజెప్పారు.

వంకాయల బస్తాల మీద కూర్చుని బయల్దేరాం. ఒక గతుకు దగ్గర లారీ ఎగిరిపడింది. సంచిలోని ముళ్ళ డబ్బా మూత ఊడి, గ్రామఫోను ముళ్ళన్నీ బస్తాల సందుల్లోకి జారిపోయాయి. అవి చిన్న ఇనుప సూదులు. తినే కూరగాయల్లో పడ్డాయి. అరుద్దామంటే నేను మూగదాన్ని, ముందు కూర్చున్న మల్లేశం వెనక్కి తిరిగి చూస్తున్నాడు. కరుణ మోచేయి గిల్లి, వంకాయలను చూపించి, నోట్లో వేలు పెట్టి చూపించాను.

"ఆకలైతున్నదా? ఇగ వచ్చేసినం," అంది కరుణ.

చేవెళ్ళ చేరే దాకా సైగలు చేసినా ఆమెకు అర్థం కాలేదు, దిగాక చెవిలో చెప్పడానికి మల్లేశం మా పక్కనుంచి కదల్లేదు.

చేవెళ్ళ

లారీ, వంకాయలు కూడా చేవెళ్ళలో ఈశ్వరమ్మ అనే ఆమెవి. భర్త పోయాక పొలాలు తానే చేయిస్తోంది; అక్కడ భూస్వాములను పటేళ్ళంటారు. మల్లేశం మమ్మల్ని నేరుగా ఆ ఇంటికే తీసుకువెళ్ళాడు. ఈశ్వరమ్మ వాకిట్లో నిలబడి లారీని చూసింది.

"వాపసు వచ్చినయా?"

"వచ్చినయి పటేలమ్మా."

 ఈశ్వరమ్మ కరుణను గుర్తుపట్టింది. కరుణ తండ్రి పోయి చాన్నాళ్ళయినా, ఆయన చేతి మందు తిననివాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువట. పొద్దుపోతోంది కనుక ఉండి వెళ్ళమంది.

ఒక సంగతి దాచకుండా రాయాలి. కరుణను అరుగు మీద కూర్చోమన్నారు, నన్ను లోపలికి రమ్మన్నారు. కరుణ వాళ్ళు క్రైస్తవులు, అంతకు ముందు వాళ్ళ తాతలది ఊరవతలి వాడ. మా బందరు వైపు కూడా ఇదే పద్ధతి కనుక ఇది ఒక్క చోటి వింత అని రాస్తే అబద్ధమవుతుంది. నేను వెళ్ళి కరుణ పక్కన అరుగు మీదే కూర్చున్నాను. ఈశ్వరమ్మ మమ్మల్నిద్దరినీ ఒకసారి చూసి, రెండు విస్తళ్ళూ అక్కడే వేసింది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర పెట్టింది. మా ఇళ్ళలో రొట్టె అంటే ఒంట్లో బాగోలేనివాళ్ళు తినేది. ఇక్కడ రొట్టె లేనిది పూట గడవదు. చేత్తో తట్టి కాల్చిన ఆ రొట్టెను పులుసులో ముంచి తింటే ఇన్నాళ్ళూ ఎందుకు తినలేదా అనిపించింది. కాని కూర ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. అవి ఆ లారీ వంకాయలే. ఈశ్వరమ్మ గరిటె నిండా తెచ్చి వంగింది. నేను విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"వద్దండీ! చాలండీ!"

గరిటె గాలిలో ఆగిపోయింది.

"మాట్లాడుతది గదా," అంది ఈశ్వరమ్మ.

కరుణ తల దించుకుంది. "దారిల భయమై నేనే చెప్పిన పటేలమ్మా."

ఈశ్వరమ్మ గరిటె గిన్నెలో పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఏ ఊరు బిడ్డా?"

"బందరండి."

"నౌకరా?"

"టీచర్నండి. హైదరాబాదులో."

"ఏం చెప్తవు?"

"సైన్సు."

ఆమె ఇంకో రొట్టె నా విస్తట్లో వేసింది. "మా చిన్నోడు బీయెస్సీ చదివిండు. దరఖాస్తులు పెట్టి పెట్టి చేతులు నొచ్చినయి. యాడ పోయినా నౌకర్లు అయిపోయినయన్నరు. గిప్పుడు జైల్ల ఉన్నడు, రోడ్డు మీద కూసున్నందుకు."

నేను చదివిందీ బీయెస్సీయే. ఆ మాట చెప్పలేకపోయాను. ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది కూడా.

"నీ మీద నాకేం కోపం లేదు," అంది చివరికి. "ఇచ్చినోళ్ళు ఇచ్చిన్రు, నువ్వు తీసుకున్నవు. కాని మా చిన్నోడి బాధ అబద్ధమని మాత్రం అనకు."

"అననండి," అన్నాను.

"ఇగ తిను. కూర ఎందుకు వద్దంటివి? మంచిగ లేదా?"

అప్పుడు ముళ్ళ సంగతి చెప్పాను. ఆమె నమ్మలేనట్టు చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆమె మల్లేశాన్ని పిలిచింది; మేమందరం కలిసి లాంతరు వెలుగులో బస్తాలు విప్పి వెతికాం. కొన్ని ముళ్ళు దొరికాయి. మిగిలినవి లారీ నేల మీద చీపురుతో ఊడిస్తే దొరికాయి కాని ఎక్కువ వంగిపోయాయి. వంకాయలన్నీ కడిగి కోసి చూసే దాకా సంతకు పంపొద్దని ఈశ్వరమ్మ మల్లేశానికి గట్టిగా చెప్పింది.

తెల్లవారి ఆమె మాకు ఎద్దులబండి కట్టించింది. నేను ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఇగ మూగగ తిరుగకు బిడ్డా. మాట్లాడితే ఎవడన్న ఏమన్న అంటే అననీ. ఇంటే ఏం పోతది?"

ఆలూరు

మబ్బు పట్టి ఉంది. దారి పొడుగునా జొన్న విత్తడానికి దున్నిన చేలు. కరుణ తల్లి సుందరమ్మ మేము బండి దిగీ దిగకముందే చింతచిగురు పప్పు పెట్టింది. బందరులో మేము చింతచిగురులో చిన్నరొయ్యలు వేస్తామని చెబితే ఆమె ముక్కు మీద వేలేసుకుంది. "పులుపుల రొయ్యలా? నీసు వాసన రాదా?" అని మూడు పూటలూ అడిగింది.

తిన్నాక ట్రంకు బయటికి తీసింది. వేపాకు వేసి, చర్చిలో గోడకు కట్టే పాత బొమ్మల గుడ్డలో చుట్టి, ఎంతో భద్రంగా పెట్టింది. భద్రం ఎంతయినా పురుగులు మాత్రం ప్రతి ప్లేటు మధ్యనున్న కాగితాన్ని తినేశాయి. ఒక్క పేరు కూడా మిగల్లేదు. ఎవరు పాడారో, ఏ దేశమో చెప్పేది ఇంక ఏమీ లేదు.

"పేర్లు మాకు తెలుసు గదా," అంది సుందరమ్మ.

నిజమే, ఊరివాళ్ళు వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. వాయించే పెట్టె బాగున్న రోజుల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక కంపౌండరు గారు చింతచెట్టు కింద కూర్చుని ప్లేట్లు వేసేవారట, వాడంతా వచ్చి వినేదట. మొదటిది 'గిన్నెల పాట'. వేసి చూస్తే, జావా వైపుదై ఉండాలి, చిన్నా పెద్దా కంచు గంటలు వందలకొద్దీ ఒకదాని వెంట ఒకటి మోగుతున్నాయి. పెళ్ళయిన ఇంట్లో మర్నాడు ఇత్తడి సామానంతా తోముతున్నట్టు ఉంటుందని ఆ పేరు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఏళ్ళ తరబడి సంతలో వెతికినా అలాంటిది నాకు దొరకలేదు.

ఇంకొకటి 'దయ్యం ప్లేటు'. అందులో పాట లేదు, రాగం లేదు. తలుపు కిర్రుమన్న చప్పుడు, రైలు కూత, నీళ్ళు ధారగా పడటం, వాటినే మళ్ళీ వెనక్కి తిప్పి వేసినట్టు సాగిన శబ్దాలు. ఎక్కడో విదేశంలో ఎవరో చప్పుళ్ళను ఏరి కుట్టి సంగీతమని ప్రయత్నించి చూశారు. "పిల్లలు అన్నం తినకుంటే ఇది పెడతమని బెదిరిస్తుంటిమి," అంది సుందరమ్మ. కరుణ ఇప్పుడు కూడా వెళ్ళి గడప అవతల నిలబడి విన్నది.

అన్నిటికంటె అడుగున ఉన్న ప్లేటును సుందరమ్మ రెండు చేతులతో తీసింది.

"ఇది యోసేపు ప్లేటు. ఇది ఇప్పుడు పెట్టకు. ఆయనను పిలువాలె."

యోసేపు

యోసేపు సుందరమ్మకు మరిది వరస. పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. అరవై దాటి ఉంటాయి. యువకుడిగా ఉన్నప్పుడు ఆ ప్లేటులోని క్లారినెట్ విని, డాక్టరమ్మను అడిగి, పాత వాద్యం ఒకటి తెప్పించుకుని నేర్చుకున్నాడట. 'ప్లేటు పాట' అంటే షాబాద్ నుంచి మొయినాబాద్ దాకా తెలియనివాళ్ళు లేరు. అది వాయించనిదే పెళ్ళికొడుకు గుర్రం కదలదని కరుణ చెప్పింది.

ఆయన తెల్లటి ధోవతి కట్టుకుని, క్లారినెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. వాకిలి నిండా జనం చేరారు. ముందు ఆయన వాయించాడు. ఉరుకుతున్న పాట అది. మెట్లు రెండేసి దిగుతున్నట్టు, మధ్యలో జారబోయి నిలదొక్కుకున్నట్టు ఉంది. కూర్చున్న ముసలివాళ్ళు కూడా మోకాళ్ళ మీద తాళం వేశారు. వాయించడం అయ్యాక ఆయన ఎప్పుడూ అంటాడట, ఆ మాటే అన్నాడు, "నాది కాదు. డాక్టరమ్మ ప్లేటుది."

నేను మిగిలిన మంచి ముల్లు బిగించి ప్లేటు వేశాను.

గరగర చప్పుడులోంచి క్లారినెట్ వచ్చింది. నెమ్మదిగా వచ్చింది. ఎవరో చాలా దూరం నడిచి వచ్చి, గుమ్మంలో ఆగి, చెప్పవలసిన మాట చెప్పలేక నిలబడినట్టుంది. వెనకాల బాకాలు మెల్లగా కదులుతున్నాయి. అది జాజ్ అని నాకు తెలుసు. శోకం అని అక్కడున్న అందరికీ తెలిసింది. మూడు నిమిషాలకు ఆగిపోయింది.

"ఇది వేరే పాట," అంది సుందరమ్మ.

యోసేపు నావైపు చూశాడు. "ప్లేటు మారిందా బిడ్డా?"

"లేదండి, ఇదొక్కటే ఉంది."

"పెట్టె మెల్లగ తిరుగుతున్నదేమో."

వేగం పెంచే మీట ఒకటుంటుంది, దాన్ని చివరి దాకా జరిపి మళ్ళీ వేశాను. క్లారినెట్ పిల్లి కూనలా కీచుమంది. పిల్లలు నవ్వారు. కాని ఒక్కచోట, ఒక వంపు దగ్గర, యోసేపు పాటలోని జారి నిలదొక్కుకునే ఆ మెట్టు ఇట్టే మెరిసి పోయింది. ఆ వంపు ఒక్కటే. మిగిలినదంతా పెట్టె మూగబోయిన ఆ ఏళ్ళలో ఆయన వేళ్ళ కింద మారిపోయింది.

జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. యోసేపు కదల్లేదు.

"ఇన్నేండ్ల సంది నేను ఎవరిది వాయించిన?" అన్నాడు.

"నీదే చిన్నాయినా," అంది కరుణ సంతోషంగా. "నీ సొంత పాట."

ఆయన సంతోషపడలేదు. "నాదైతే ఎవడింటుండె? ప్లేటుది, దొరల దేశంది అంటెనే గదా పటేండ్లు పిలిచిన్రు. నాదని తెలిస్తె రేపు బ్యాండు ఎవడు పిలుస్తడు?"

 జాజ్‌లో వాయించేవాడు పాటను తనకు తోచినట్టు మార్చుకోవడమే గొప్ప అని చెబుదామనుకున్నాను. సంతలో కొన్న నా తెలివి ఆయన బతుకుతెరువుకు ఏం పనికొస్తుందనిపించి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్ళీ వచ్చాడు. "ఆ పాట పెట్టు బిడ్డా. ఇప్పుడన్న సరిగ నేర్చుకుంట."

పెట్టాను. మళ్ళీ పెట్టమన్నాడు. ఇనుప ముళ్ళు అరిగిపోయాయి. యుద్ధం రోజుల్లో ముళ్ళు దొరక్క మా నాన్న తుమ్మముల్లు చెక్కి పెట్టేవాడు. అది గుర్తొచ్చి చెబితే, కరుణ వెళ్ళి కంచెలోంచి కొమ్మ విరిచి తెచ్చింది. తుమ్మముల్లుతో ప్లేటు ఇంకా మెత్తగా పలికింది, పక్క గదిలోంచి వినిపించినట్టు. యోసేపు ఒక్కో ముక్క విని, వాయించి, తప్పితే తల అడ్డంగా ఊపి, మళ్ళీ పెట్టమనేవాడు. సాయంత్రానికి పాట మొత్తం వచ్చింది. వచ్చాక క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది పెండ్లిల వాయించేది కాదు," అన్నాడు.

అవతలి పల్లె

ఆ మరుసటి మధ్యాహ్నం వార్త వచ్చింది. ఆలూరు అవతలి పల్లె కుర్రాడు ఒకడు నగరంలో కాలేజీ చదువుతున్నాడు. ఏదో ఊరేగింపులో దెబ్బలు తగిలి దవాఖానలో పడి ఉన్నాడు. చనిపోయాడు. శవాన్ని తెస్తున్నారు. బ్యాండు పంపమని మనిషి వచ్చాడు.

"నువ్వు రాకు టీచరమ్మా," అంది సుందరమ్మ. "మంది మస్తుంటరు. ఎవరి నోట్ల ఏం మాటుంటదో."

కాసేపు ఇంట్లోనే కూర్చున్నాను. తర్వాత చెప్పులు వేసుకుని కరుణ వెనకాల నడిచాను. ఈశ్వరమ్మ అన్న మాట గుర్తొచ్చి కాదు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయాను.

పల్లె చిన్నది, జనం మాత్రం ఆ పల్లెలో పట్టనంతమంది. నినాదాలు ఇచ్చినవాళ్ళు కూడా శవం లారీ దిగాక నోరు మూశారు. ఆడవాళ్ళ గుంపులో నా పక్కనున్నామె చంకలో పిల్లనూ, నీళ్ళ కుండనూ మొయ్యలేక అవస్థ పడుతోంది.

"ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"బందరండి," అన్నాను.

ఆమె నన్ను చూసింది. చుట్టూ ఉన్న ఇద్దరు ముగ్గురూ చూశారు.  ఆమె చంకలోని పిల్లను నాకందించింది. "జర ఎత్తుకో. నేను నీళ్ళు మొయ్యాలె."

పిల్ల నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

డప్పులు మొదలయ్యాయి. యోసేపు అందరికీ ముందు నిలబడ్డాడు. ఎప్పటిలాగా భజన పాట ఏదో ఎత్తుకుంటాడని పక్కవాళ్ళు అతని వేళ్ళ వైపు చూస్తున్నారు. ఆయన ఆ నిదానమైన పాట ఎత్తుకున్నాడు. డప్పులవాళ్ళకు అది తెలియదు. ముందు తడబడి ఆగిపోయారు, తర్వాత ఒకడు అడుగుకు ఒక్క దెబ్బ చొప్పున మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్ళు అందుకున్నారు. జనం ఆ దెబ్బకు అడుగు వేసి నడిచారు. ఎక్కడి నల్లవాడో, ఎవరి కోసం ఏడుస్తూ వాయించాడో, ఆ ఏడుపు చేవెళ్ళ తాలూకా చేనుగట్ల మీద, ఆ కుర్రాడి ముందు నడిచింది. కుర్రాడి తండ్రి ఒకచోట ఆగి, యోసేపు భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ నడిచాడు.

అంతా అయ్యాక గట్టు మీద జనం చల్లబడి కూర్చున్నారు. పెద్దమనిషి ఒకాయన యోసేపును అడిగాడు.

"కొత్తగున్నది. ఇది యాడిది యోసేపూ?"

కరుణ నా చెయ్యి పట్టుకుంది. యోసేపు కొంచెం ఆలోచించాడు.

"ఇదే అసలు ప్లేటుది," అన్నాడు. "మీ పెండ్లిళ్ళల్ల వాయించేది నాది. ఇన్నొద్దులు తెల్వక చెప్పిన."

పెద్దమనిషి తల ఊపాడు. "రెండూ ఉండనీ," అన్నాడు. 

చీకటి పడకముందే ఆలూరు వైపు బయల్దేరాం. ఈ ప్రయాణానికి బయల్దేరినప్పుడు ఆ ట్రంకులోంచి ఏదైనా అడిగి తెచ్చుకోవాలని నా మనసులో ఉంది. తర్వాత నేను నగరానికి బయల్దేరేటప్పుడు సుందరమ్మ కూడా ఏది కావాలంటే అది తీసుకొమ్మంది. దయ్యం ప్లేటు ఒక్కటే అడిగాను, పోయినా ఎవరూ వెతకరని. పాటల పెట్టె మాత్రం నాతో తెచ్చుకోలేదు, యోసేపు కోసం అక్కడే వదిలి వచ్చాను.

ఆ సాయంత్రం చేనుగట్టు మీద యోసేపు నా ముందు నడుస్తున్నాడు. క్లారినెట్ మూతిలోని ఊదే పుల్ల తీసి, తడి తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. కొంతదూరం పోయాక ఆగి వెనక్కి తిరిగాడు.

"బిడ్డా, ఆ ప్లేటాయన పేరు పురుగులు తిన్నయంటివి."

"అవునండి."

"బతికున్నడో లేదో. గాయన పాట ఈడ ఇయాల గిట్ల వాయించిన్రని గాయనకు ఎట్ల తెలువాలె?"

 ఆయన ముందుకు తిరిగి నడిచాడు, నేనూ నడిచాను.